టైరు గాలి లైటు ఆరడం లేదా? ముందు గేజి, తర్వాతే రీసెట్

డిసెంబరు వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు కార్లున్నవారు అడిగే ప్రశ్న ఒకటే. "పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో పసుపు లైటు వెలుగుతోంది. కాస్త దూరం పోయాక ఆరిపోతోంది. సెన్సార్ పోయిందా?" మే నెలలో ఇదే ప్రశ్న తిరగబడుతుంది. "స్క్రీన్ మీద గాలి అంకె 38 పాయింట్లకు ఎక్కింది. గాలి కొంత తీసేయాలా?" మొదటిదానికి జవాబు: చాలావరకు సెన్సార్ బాగానే ఉంటుంది, టైరులోనే గాలి తక్కువ. రెండోదానికి జవాబు: తీయకండి.

లైటు వెలగగానే చాలామంది లైటునే అనుమానిస్తారు. మెనూలోకి వెళ్లి రీసెట్ నొక్కుతారు, అది ఆరిపోతే సమస్య తీరిందనుకుంటారు. గేజి పెట్టి చూసేదాకా లైటు చెప్పేది నిజమేనని నమ్మండి. కింది వరుస అంతా ఆ నమ్మకం మీదే ఉంది. వరుస తప్పించి మధ్యలోంచి మొదలుపెట్టకండి.

కావలసినవి

సొంత గేజి ఒకటి. డిజిటల్ అయినా సరే, పెన్నులా ఉండే మామూలు రకమైనా సరే, ఎప్పుడూ అదే వాడండి. కారు సాకెట్‌కు తగిలించే 12 వోల్టుల చిన్న కంప్రెసర్ గానీ, గేజి ఉన్న కాలి పంపు గానీ. సబ్బు నీళ్లు నింపిన సీసా, టార్చి, రాసుకోవడానికి కాగితం, కారుతో ఇచ్చిన మాన్యువల్. ప్లాస్టిక్ వాల్వు మూతలు నాలుగు అదనంగా ఉంచుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

కంప్రెసర్ లేకపోతే బంకుకే వెళ్లవచ్చు. ఇంటికి దగ్గరలో ఉన్న బంకు ఎంచుకుని ఉదయాన్నే వెళ్లండి. హైవే పక్కన లారీలకు గాలి కొట్టే దుకాణాల్లో గేజిని మాత్రం నమ్ముకోవద్దు. లారీ టైర్లకు 100 దాటి కొట్టే గేజి 30 దగ్గర కచ్చితంగా చూపుతుందని అనుకోలేం. గాలి అక్కడ కొట్టించుకున్నా, కొలత మీ గేజితోనే.

1. లైటు ఎలా వెలుగుతోందో చూడండి

ఇంజను ఆపి, మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేసి డాష్‌బోర్డును గమనించండి. మామూలుగా ఈ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. అలా కాకపోతే మూడు రకాలు ఉంటాయి.

ఆరకుండా నిలకడగా వెలుగుతూ ఉంటే గాలి తక్కువగా ఉంది. 2వ అంచెకు వెళ్లండి.

నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలిగితే అది గాలి గురించి కాదు, వ్యవస్థలో లోపం గురించి. అప్పుడూ 2, 3 అంచెలు పూర్తి చేసి 7వ అంచెకు వెళ్లండి. సెన్సార్ పాడైన కారులో గాలి కూడా తక్కువగా ఉండవచ్చు, దాన్ని మీకు చెప్పేవారు ఎవరూ ఉండరు.

దీనితోపాటు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లైటు కూడా వెలిగితే చక్రం వేగాన్ని కొలిచే సెన్సార్‌నో దాని వైరునో అనుమానించాలి. అది ఇంట్లో చేసుకునే పని కాదు. గాలి సరిచూసుకుని, నెమ్మదిగా నడుపుకుంటూ మెకానిక్ దగ్గరకు వెళ్లండి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి ఒక మాట. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఆ రెండు మూడు సెకన్లు కూడా లైటు వెలగలేదంటే సంతోషించకండి. కారులో ఆ వ్యవస్థే లేకపోవచ్చు, లేదా పాత యజమాని విసుగెత్తి దాన్ని పనిచేయకుండా చేయించి ఉండవచ్చు.

2. మీ కారుకు ఎంత గాలి కావాలో తెలుసుకోండి

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. ముందు టైర్లకు, వెనక టైర్లకు అంకెలు వేరుగా ఉండవచ్చు. తక్కువ బరువుకు ఒక వరుస, పూర్తి బరువుకు ఒక వరుస ఉంటాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కుటుంబమంతా ఎక్కి బయలుదేరినా, పలాస నుంచి జీడిపప్పు బస్తాలు డిక్కీలో వేసుకుని వచ్చినా మీరు చూడాల్సింది రెండో వరుస.

టైరు పక్క గోడ మీద అచ్చేసిన అంకె మీ కారుకు కావలసిన గాలి కాదు, ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. పంక్చర్ షాపులో "అన్నిటికీ 35 పెట్టేశా" అంటే ఒప్పుకోకండి. ఎంత పెట్టాలో మీరే చెప్పండి.

కొలమానం కూడా చూసుకోండి. స్క్రీన్ బార్‌లలోనో కిలోపాస్కల్‌లలోనో చూపిస్తే కంగారు పడనక్కరలేదు. 2.3 బార్ అన్నా 230 కిలోపాస్కల్ అన్నా మన షాపుల లెక్కలో సుమారు 33 పాయింట్లు, అంటే 33 పీఎస్‌ఐ.

3. తెల్లవారాక, కారు కదపక ముందు కొలవండి

మొత్తం పనిలో ముఖ్యమైన అంచె ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి టైరుకు. చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉన్న కారు టైరు, లేదా రెండు కిలోమీటర్లకు మించి నడవని కారు టైరు.

ఎందుకంత పట్టింపో లెక్క చూడండి. మే మధ్యాహ్నం హైవే మీద నడిచిన టైరు లోపల వేడి 55 డిగ్రీలు ఉందనుకుందాం. అప్పుడు సరిగ్గా 33 పెట్టించారు. అదే టైరు, అదే గాలి, చలికాలపు తెల్లవారుజామున 18 డిగ్రీలకు దిగితే మిగిలేది 27 నుంచి 28 పాయింట్లు మాత్రమే. మధ్యలో నెలకు ఒక పాయింటు చొప్పున దానంతట అదే తగ్గే గాలి కలిస్తే ఇంకా కిందికి పోతుంది. ఉండాల్సిన దానికంటే 20 నుంచి 25 శాతం తగ్గినప్పుడు ఈ లైటు వెలిగేలా తయారీదారులు పెడతారు, అంటే 33 ఉండాల్సిన టైరుకు 25, 26 దగ్గర. సంక్రాంతికి ఊరొచ్చిన కార్లలో పొద్దున వెలిగి, పది కిలోమీటర్లు పోయాక ఆరిపోయే లైట్ల కథ ఇంతే. టైరు వేడెక్కి అంకె గీత దాటింది కాబట్టి లైటు ఆరింది, తగ్గిన గాలి మాత్రం తగ్గినట్టే ఉంది.

నాలుగు టైర్లూ కొలిచి, ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి అని కాగితం మీద రాయండి. స్టెప్నీ కూడా కొలవండి. అవసరం పడ్డ రోజున అదీ చప్పిడిగా ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ప్రయాణం మధ్యలో, మడపాం టోల్‌గేటు దాటాక ఎక్కడో లైటు వెలిగితే చల్లబడేదాకా ఆగలేరు. అప్పుడు స్టిక్కర్ అంకె కంటే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ పెట్టించి సాగిపోండి, మర్నాడు ఉదయం చల్లటి టైరుకు సరిచేసుకోండి. స్క్రీన్ మీద ఒక చక్రం అంకె చూస్తుండగానే పడిపోతుంటే మాత్రం ముందుకు సాగవద్దు. గట్టిగా బ్రేకు వేయకుండా, స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, వేగం తగ్గించుకుంటూ ఎడమ పక్కకు తీసి ఆపండి.

4. గాలి నింపి, కాస్త దూరం నడపండి

స్టిక్కర్ అంకెకు సరిగ్గా నింపండి. వాల్వు మూత బిగించడం మరవద్దు. నైట్రోజన్ నింపిన టైర్లలో మామూలు గాలి కలిపితే ఏమీ కాదు. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. నైట్రోజన్ దొరికే షాపు వచ్చేదాకా తక్కువ గాలితో నడపడమే అసలు ప్రమాదం.

చాలా కార్లలో సెన్సార్లు ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతాయి. చక్రం తిరిగాకే మేల్కొని కొత్త అంకె పంపుతాయి. బంకులో నిలబడి, స్క్రీన్ మీద అంకె మారలేదని ఇంకా ఇంకా కొట్టించి 40 దాటించినవాళ్లు ఉన్నారు. గేజిని నమ్మండి, స్క్రీన్‌కు పది పదిహేను నిమిషాల ప్రయాణం ఇవ్వండి.

గేజికీ స్క్రీన్‌కూ ఒకటి రెండు పాయింట్ల తేడా మామూలే. మూడు దాటితే ముందు వేరే గేజితో సరిచూడండి.

5. మీ కారులో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి

స్క్రీన్ మీద ఒక్కో చక్రానికి ఒక్కో అంకె కనబడితే ప్రతి చక్రం లోపల, వాల్వుకు ఆనుకుని సెన్సార్ ఉంది. అది రేడియో ద్వారా సమాచారం పంపుతుంది.

అంకెలు లేకుండా లైటు మాత్రమే ఉండి, మెనూలో గానీ బటన్ మీద గానీ రీసెట్, సెట్, స్టోర్ వంటి మాట ఉంటే బహుశా పరోక్ష రకం. దానిలో టైరు లోపల ఏమీ ఉండదు. గాలి తగ్గిన చక్రం కొంచెం కుంచించుకుపోయి, మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఏబీఎస్ సెన్సార్లు ఆ తేడాను పసిగడతాయి. నాలుగు టైర్లలోనూ ఒకేలా గాలి తగ్గితే ఈ రకం గుర్తించలేకపోవచ్చు. అందుకే ఈ కార్లవాళ్లు నెలకోసారి గేజి పెట్టడం మానకూడదు.

వాల్వు లోహంతో ఉందా రబ్బరుతో ఉందా అని చూసి తేల్చేయకండి. రబ్బరు వాల్వుకు కూడా సెన్సార్ ఉండవచ్చు. అనుమానం ఉంటే మాన్యువల్ చూడండి.

6. పరోక్ష రకమైతే ఇప్పుడు రీసెట్ నొక్కండి

నాలుగు చక్రాలకూ చల్లటి గాలి సరిగ్గా పెట్టాకే. మీరు రీసెట్ నొక్కిన క్షణంలో ఉన్న స్థితినే కారు "ఇదే సరైన గాలి" అని నేర్చుకుంటుంది. ఒక టైరులో 26 ఉండగా నొక్కారంటే 26 సరైనదని నేర్పినట్టే. ఇక అది 21కి పడేదాకా కారు నోరు మెదపదు. నొక్కాక మామూలు వేగంతో కొంత దూరం నడిపితే నేర్చుకోవడం పూర్తవుతుంది. ఎంతసేపన్నది కారును బట్టి ఉంటుంది.

టైర్లు మార్చినా, ముందువి వెనక్కి వేయించినా మళ్లీ రీసెట్ చేయాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి ఉన్నప్పుడు కూడా అంతే. ఒకే ఇరుసు మీద రెండు వేరు సైజుల టైర్లుంటే ఈ వ్యవస్థ ఎప్పటికీ సరిగా పనిచేయదు.

లైటు ఆరి, మూడు రోజులైనా తిరిగి రాకపోతే మీ పని అయిపోయింది. తిరిగి వస్తే గాలి ఎక్కడికో పోతోంది. వరుసగా మూడు ఉదయాలు కొలిచి రాయండి. నాలుగూ కొద్దిగా తగ్గితే వాతావరణం. ఒక్కటే రోజుకు రెండు మూడు పాయింట్లు తగ్గితే లీకు.

లీకు వెతికే వరుస: ముందు వాల్వు మూత తీసి లోపల సబ్బు నీళ్లు చుక్క వేయండి. బుడగ లేస్తే వాల్వు పిన్ను బిగించాలి లేదా మార్చాలి. తర్వాత వాల్వు మొదట్లో, ఆ తర్వాత టైరు ట్రెడ్ మీద, చివరగా టైరు అంచు రిమ్ముకు ఆనే చోట చుట్టూ. వానాకాలంలో గుంతలో దభీమని పడ్డ అలాయ్ చక్రం అంచు వంగి ఉండవచ్చు, అక్కడి లీకు నిదానంగా ఉంటుంది. మేకు కనబడితే దాన్ని అక్కడికక్కడే లాగేయకండి. షాపు చేరేదాకా అదే కొంత గాలిని ఆపుతుంది.

తీరం దగ్గర ఉండేవాళ్లు, అంటే కళింగపట్నం, బారువ, భావనపాడు, చింతపల్లి వైపువారు వాల్వుల మీద ప్రత్యేకంగా కన్నేయాలి. సెన్సార్ ఉన్న చక్రాలకు వాల్వు గొట్టం చాలావరకు అల్యూమినియం. ఉప్పు గాలిలో దానికి ఇత్తడి పిన్ను పెడితే రెండు లోహాల మధ్య తుప్పు పట్టి పిన్ను లోపలే అంటుకుపోతుంది. బలవంతంగా తిప్పితే గొట్టం విరుగుతుంది, సెన్సార్ మొత్తం మార్చాలి. నికెల్ పూత ఉన్న పిన్ను అడగండి. అందంగా మెరిసే లోహపు మూతలదీ ఇదే సమస్య. ప్లాస్టిక్ మూతలు కొనమన్నది ఇందుకే.

7. లైటు మిణుకుమంటుంటే లేదా అంకె బదులు గీతలు వస్తుంటే

ముందు ఈ మధ్య ఏం మారిందో గుర్తు తెచ్చుకోండి. స్టెప్నీ ఎక్కించారా? చాలా కార్ల స్టెప్నీలో సెన్సార్ ఉండదు, లైటు రావడం సహజం. అసలు చక్రం తిరిగి వేస్తే కొంత ప్రయాణం తర్వాత పోతుంది. షోకుకు కొత్త అలాయ్ చక్రాలు వేయించారా? సెన్సార్లు పాత చక్రాల్లోనే ఉండిపోయి, ఇప్పుడు మీ ఇంటి అటక మీద ఉండవచ్చు. టైరు విప్పి పంక్చర్ వేయించారా? టైరు అంచు విడదీసే యంత్రపు పళ్లు వాల్వు దగ్గర పడితే సెన్సార్ పగులుతుంది.

ఏదీ మారకపోతే ఎన్ని చక్రాలు మాయమయ్యాయో చూడండి. ఒక్కటే గీతలు చూపిస్తే, పైగా కారు వయసు ఐదారేళ్లు దాటితే, ఆ సెన్సార్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. సాధారణంగా అవి ఐదు నుంచి పదేళ్లు పనిచేస్తాయి. బ్యాటరీ లోపల మూసేసి ఉంటుంది కాబట్టి సెన్సార్ మొత్తం మార్చాల్సిందే. టైర్లు కూడా అరిగి ఉంటే రెండు పనులూ ఒకేసారి పెట్టుకోండి, విప్పే కూలీ ఒక్కసారే పడుతుంది.

నాలుగూ ఒకేసారి మాయమైతే నాలుగు సెన్సార్లు ఒకే రోజు చనిపోయాయని ఎవరైనా చెబితే నమ్మకండి. చవక ఫోను ఛార్జరు, డాష్ కెమెరా, కొత్తగా పెట్టించిన ఎల్‌ఈడీ లైట్లు రేడియో సంకేతాన్ని చెడగొట్టవచ్చు. అన్నీ తీసేసి పావుగంట నడపండి. అంకెలు తిరిగి వస్తే ఒక్కొక్కటీ తగిలిస్తూ దొంగను పట్టుకోండి. రాకపోతే రిసీవరు, ఫ్యూజు చూడాలి. అది సర్వీసు కేంద్రం పని.

సెన్సార్ బయట కొనేవాళ్లు మీ కారు మోడల్, సంవత్సరం చెప్పి కొనండి. మన దేశపు కార్లలో సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ రేడియో సంకేతం వాడతారు. విదేశీ సైట్లలో దొరికే 315 రకం బిగించినా మీ కారుకు వినబడదు. కొన్ని కార్లు కొత్త సెన్సార్‌ను నడుపుతుండగా వాటంతటవే గుర్తిస్తాయి, కొన్నిటికి పరికరంతో నమోదు చేయాలి. కొనే ముందే మాన్యువల్‌లో చూసుకోండి.

8. బయట బిగించే రకం ఉన్నవాళ్లకు

వాల్వు మూత స్థానంలో బిగించి, డాష్‌బోర్డు మీద చిన్న సోలార్ స్క్రీన్ పెట్టుకునే కిట్లు ఇవి. అంకె రాకపోతే మూతలోని బటన్ బ్యాటరీ మార్చండి. ఎక్కువగా సీఆర్ 1632 రకం వాడతారు, అయినా మీదాని మీద ఏం రాసుందో చూసి కొనండి. బిగించిన ప్రతిసారీ సబ్బు నీళ్లు వేయండి, ఎందుకంటే ఈ మూత వాల్వు పిన్నును నొక్కి ఉంచుతుంది, సరిగా కూర్చోకపోతే గాలి కారిపోయేలా చేసేది అదే. పాత రబ్బరు వాల్వులు వీటి బరువుకు మొదట్లో పగుళ్లిస్తాయి, కొత్తవి వేయించాకే బిగించండి.

తరచుగా జరిగే తప్పులు

వేడి టైరులోంచి గాలి తీయడం అన్నిటికంటే చెడ్డది. నడిచిన టైరులో నాలుగైదు పాయింట్లు పెరగడం మామూలు, స్టిక్కర్ అంకె ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే వేసింది. సాలూరు ఘాట్ దిగుతున్నప్పుడు బ్రేకుల వేడికి ముందు చక్రాల అంకెలు ఇంకొంచెం ఎక్కుతాయి. ఆగి చల్లబడనివ్వండి, వాల్వు ముట్టుకోకండి.

పంక్చర్ ద్రవం మరొకటి. కేంద్రం 2020లో నిబంధనలు సవరించి, టీపీఎంఎస్ (మనం చెప్పుకుంటున్న ఈ టైరు గాలి హెచ్చరిక వ్యవస్థ), ట్యూబ్‌లెస్ టైర్లు, మరమ్మతు కిట్టు ఉన్న 3.5 టన్నుల లోపు కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదంది. అందుకే కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ బదులు ద్రవం సీసా ఉంటుంది. అది షాపు చేరడానికి మాత్రమే. షాపులో "లోపల ద్రవం ఉంది, సెన్సార్ కూడా ఉంది" అని రెండూ చెప్పి, టైరు విప్పించి, సెన్సార్ రంధ్రం తుడిపించండి. ముందుజాగ్రత్త పేరుతో నాలుగు టైర్లలో ఏదో ద్రవం పోయించుకోవడం మాత్రం సెన్సార్ ఉన్న కారుకు మంచిది కాదు.

చక్రాలు అటూ ఇటూ మార్చాక స్క్రీన్ తప్పు చక్రాన్ని చూపించడం ఉంటుంది. ముందు ఎడమ అంటుంది, గాలి పోయేది వెనక ఎడమలో. అందుకని లైటు వెలిగితే చూపించిన ఒక్కటే కాదు, నాలుగూ కొలవండి.

సరిగా అయిందో లేదో ఎలా తెలుస్తుంది

మూడు ఉదయాల కొలతలు ఒక పాయింటు లోపు తేడాతో ఉండాలి. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు లైటు వెలిగి ఆరాలి. అంకెలు చూపించే కారైతే ఇంకో పరీక్ష: ఇంటి దగ్గర ఒక టైరులోంచి మూడు నాలుగు పాయింట్లు గాలి వదిలి, వీధి చివరిదాకా నెమ్మదిగా వెళ్లి రండి. ఏ అంకె తగ్గిందో చూడండి. మీరు వదిలిన చక్రమే తగ్గితే స్థానాలు సరిగా ఉన్నాయి, వేరేది తగ్గితే స్థానాలు నమోదు చేయించాలి. పరీక్ష కాగానే గాలి తిరిగి నింపండి.

ఇవన్నీ చేసినా లైటు ఉంటే సర్వీసు కేంద్రానికి ఆ కాగితం పట్టుకెళ్లండి. లైటు నిలకడగా ఉందా మిణుకుతోందా, ఏ చక్రం, ఎప్పటినుంచి, అంతకుముందు ఏం మార్చారు అన్నవి చెప్పండి. నాలుగు సెన్సార్లూ మార్చాలంటే ఒప్పుకునే ముందు, పరికరంతో ఒక్కో సెన్సార్ నుంచి సంకేతం వస్తోందో లేదో, బ్యాటరీ స్థితి ఏమిటో మీ ఎదుటే చదివి చూపించమని అడగండి.